ఇద్దరి పేర్లు దేవుడికి చెప్పిన ఇస్త్రీ పెద్దాయన

మా వీధి ఇస్త్రీ పెద్దాయన పోయిన బుధవారం మధ్యాహ్నం, బండి పక్కన వేసుకున్న మంచం మీద, నిద్రలోనే వెళ్ళిపోయాడు. కబురు తెచ్చింది పూలు కట్టి అమ్మే ఎదురింటామె. "సార్, మీ చొక్కాలు రెండూ ఇస్త్రీ అయిపోయి బండిమిందనే ఉండాయి. ఆయన మాత్రం లెయ్యలేదు" అంది. ఒక చొక్కా మడత ఇప్పటికీ విప్పలేదు నేను.

మర్నాడు పత్రికలో మూడు వాక్యాలు వేశారు. వయసు తప్పు. వృత్తి "బట్టల వ్యాపారి" అన్నారు, అదీ తప్పే. చనిపోయాడన్న సంగతి మాత్రం సరిగ్గా రాశారు. ఆదివారం సంతాప సభలో మా కాలనీ సంఘం అధ్యక్షుడు కళ్ళు తుడుచుకుని, ఆయన తనకు తోడబుట్టినవాడితో సమానం అన్నాడు. ఆ తోబుట్టువు ప్రేమను నేను పదేళ్ళ కిందట ఒక అర్జీలో చూశాను. "హంతకుడైన ఈ వ్యక్తి బండిని వీధిలోంచి తీసివేయవలసినది" అని అందులో ఉంది. అక్షర దోషాలు దిద్దమని నాకే ఇచ్చాడు. దోషాలు దిద్దాను. సంతకం పెట్టలేదు. ముప్పయ్యేళ్ళు గ్రంథాలయంలో పనిచేసినవాడికి ఆ మాత్రం తేడా తెలుసు.

హంతకుడన్న మాట మాత్రం నిజమే. ముఠాకక్షలుండే పైసీమలో ఒక నాయకుడి మనిషిగా ఉండి ఇద్దరిని చంపాడు. పద్నాలుగేళ్ళు జైల్లో ఉన్నాడు. అక్కడే బట్టలుతికి ఇస్త్రీ చేసే పని నేర్చుకున్నాడు. విడుదలయ్యాక సొంతూరికి పోకుండా కాణిపాకం వెళ్ళి, స్నానం చేసి, తడిబట్టలతో వినాయకుడి ముందు నిలబడి, ఇక జన్మలో మనిషి మీద చెయ్యెత్తనని ప్రమాణం చేశాడు. ఆ తర్వాతే తిరుపతి వచ్చి మా వీధి మలుపులో బండి పెట్టాడు.

నేను చదివిన నవలల్లో హంతకులు పశ్చాత్తాపంతో నిద్రలేక నలిగిపోతుంటారు. ఆ రచయితల్లో ఒక్కరైనా మా వీధికి వచ్చి, మధ్యాహ్నం రెండింటికి ఆయన పెట్టే గురక వినుంటే బాగుండేది. మనిషి సంతోషంగా బతికాడు. కత్తిని మాత్రం ముట్టుకునేవాడు కాదు. ఉల్లిపాయను పిడికిలితో పగలగొట్టుకుని తినేవాడు, మామిడిపండును కొరుక్కుని తినేవాడు. ఎందుకని అడిగితే, "కత్తి నన్ను మరిసిపోయుండాది సామీ. మళ్ళా పలకరించేదెందుకు?" అనేవాడు. నా చొక్కాకు గంజి గట్టిగా పెట్టమంటే ఒప్పుకునేవాడు కాదు. "గంజి ఎక్కువైతే చొక్కా నిలబడతాది. లోపలుండే మనిషి కూర్చోలేడు" అనేవాడు. ఆ మాట నా చొక్కా గురించే అన్నాడని చాలాకాలం అనుకున్నాను.

పూలామె కొడుకు శేఖర్‌కు అప్పుడు పదిహేడేళ్ళు. తొంభైల చివరి మాట. బడి వెనక రేకుల షెడ్డులో బాక్సింగ్ నేర్చుకునేవాడు. రాష్ట్ర పోటీల ఎంపికకు ఇంకా నెల ఉంది. పెద్దాయన వాడి నిక్కర్లకు కూడా మడత పడేలా ఇస్త్రీ చేసి ఇచ్చేవాడు.

"బాక్సింగ్‌కు మడతెందుకు తాతా?" అని వాడు నవ్వితే, "ముక్కు పగిలినా మడత సెదరకూడదు. ఎదుటోడికి అదీ ఒక దెబ్బే" అనేవాడు.

ఆ రోజుల్లో మా వైపు గిరి అని ఒకడు, వాడి వెనక నలుగురు కుర్రాళ్ళు ఉండేవారు. యాత్రికుల ఆటోలను ఆపి బెదిరించడం వాళ్ళ పని. శేఖర్ లాంటి పిడికిలి పక్కనుంటే బాగుంటుందని వాళ్ళు అడిగారు. శేఖర్ రానన్నాడు. దాంతో గిరి ఒక కథ అల్లాడు. తన మెడలోని గొలుసు శేఖర్ కొట్టేశాడట. అది తిరిగిచ్చేదాకా తమతో తిరగాలట, లేకపోతే కుడిచేతి వేళ్ళు విరిచేస్తారట. గిరి మెడలో గొలుసును మా వీధిలో ఎవరూ, ఎప్పుడూ చూడలేదు. ఆ మాట పైకి అన్నవాళ్ళూ లేరు. అందరమూ పెద్దమనుషులమే కదా.

పెద్దాయన ఒక్కడే చేయగలిగింది చేశాడు. పొద్దున షెడ్డుకు, సాయంత్రం ఇంటికి, చంకలో బట్టల మూట పెట్టుకుని పిల్లవాడి పక్కన నడిచేవాడు. అంతే. మూటలో వేటకొడవలి ఉందని గిరి మనుషులు నమ్మారు. అందులో ఉన్నవి మా వీధి ఆడవాళ్ళ లంగాలు, దిండు గలీబులు. మూడు వారాల పాటు ఆ గలీబులే శేఖర్ చేతిని కాపాడాయి.

దాన్ని చెడగొట్టింది నేను.

టీ కొట్టు దగ్గర అధ్యక్షుడు మళ్ళీ "ఆ నరహంతకుడు" అని మొదలుపెట్టాడు. నాకు ఒళ్ళు మండింది. "ఆయన కాణిపాకంలో ప్రమాణం చేసిన మనిషి. మీరు చెంప మీద కొట్టినా తిరిగి చెయ్యెత్తడు. మీరు అలాంటి ప్రమాణం ఒక్కటి చేయగలరా?" అన్నాను. అధ్యక్షుడు టీ డబ్బులిచ్చి వెళ్ళిపోయాడు. వాదన గెలిచానని నేను ఇంకో టీ చెప్పాను. వెనక బల్ల మీద గిరి మనిషి ఒకడు బన్ను తింటున్నాడని చూసుకోలేదు.

వేరే ఊళ్ళో అయితే అలాంటి మాటను ఎవరూ లెక్కచేయరు. మా జిల్లాలో కాణిపాకం ప్రమాణం అంటే ఎదురు ప్రశ్న ఉండదు. ఆ సాయంత్రమే వాళ్ళు షెడ్డు దారిలో అడ్డంపడ్డారు. మూట లాగి గలీబులు మట్టిలో పారేశారు. గిరి పెద్దాయనను చెంప మీద కొట్టి చూశాడు. ఆయన చెయ్యెత్తలేదు. శేఖర్ పిడికిలి లేస్తే మాత్రం గట్టిగా పట్టుకుని ఆపాడు. "ఇది పోటీకి దాసుకున్న సెయ్యిరా. ఈడ పాడుసేసుకోవద్దు" అన్నాడు. గిరి వారం గడువు పెట్టి వెళ్ళాడు.

నేను వెళ్ళి తప్పు ఒప్పుకున్నాను. ఆయన మట్టి అంటిన గలీబులు బకెట్లో నానబెడుతున్నాడు.

"నువ్వు సెప్పింది నిజమే కదా సామీ, అదేం తప్పు?" అని ఇంకో గలీబును నీళ్ళలో ముంచాడు. తర్వాత నవ్వాడు. "ఒకటి సూడు. నా ప్రమాణాన్ని ఇన్న వెంటనే నమ్మినారంటే, ఆ కాణిపాకం సామంటే వాళ్ళకీ భయముండాది."

మర్నాడు పొద్దున టీ కొట్టు నిండుగా ఉన్నప్పుడు ఆయన గిరి ముందు నిలబడ్డాడు. "అప్పా, గొలుసు పోయిందని కాణిపాకంలో ప్రమాణం సెయ్యి. సేస్తే పిల్లోడు నీ ఎంట వస్తాడు. నేనే తెచ్చి ఇడుస్తా."

పూలామె చేతిలోని పూలబుట్ట కిందపడింది. "అయ్యో, నా బిడ్డను పందెంలో పెడతావా పెద్దాయనా?" అంది.

అందరూ గిరి వైపు చూశారు. కాణిపాకానికి రానంటే అబద్ధమని ఒప్పుకున్నట్టే. "సేస్తా. నాకేం భయమా?" అన్నాడు గిరి.

పెద్దాయన, శేఖర్, గిరి, సాక్షిగా నేను, నలుగురం బస్సెక్కాం. చంద్రగిరి దాకా గిరి ఈలలు వేశాడు. పాకాల దాటాక ఈల ఆగింది. పూతలపట్టులో సోడా తాగుతూ నా దగ్గరికి వచ్చి, "సార్, మీరు సదువుకున్నోళ్ళు. అబద్ధం సెప్తే కండ్లు పోతాయంట, నిజమేనా?" అని అడిగాడు. నేను దేవుణ్ణి పెద్దగా నమ్మను. "అలాగే రాశారు" అన్నాను. ఎవరు రాశారని వాడు అడగలేదు.

కోనేటి దగ్గర అందరికంటే ముందు పెద్దాయన మునిగాడు. "నువ్వెందుకు తాతా?" అన్నాడు గిరి.

"తోడుగా. ఒక్కడివే నిలబడితే సలి పుడతాది."

దేవుడి ముందు ఇద్దరూ నీళ్ళు కారుతూ నిలబడ్డారు. పెద్దాయన చేతులు జోడించి తాను చంపిన ఇద్దరి పేర్లు చెప్పాడు, వాళ్ళ తండ్రుల పేర్లతో సహా. "కోర్టులో నేను సంపలేదని సెప్పినాను సామీ. అది అబద్ధం. నేనే సంపినాను. ఈ గిరి ఆ పిల్లోడి సెయ్యి ఇరిసినా సరే, నేను ఈడి మింద సెయ్యెత్తను." తర్వాత పక్కకు తిరిగాడు. "ఇంక నువ్వు సెప్పు నాయనా."

శేఖర్ కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. గిరి చేతులు జోడించాడు. మండుటెండల్లో వాడి పళ్ళు టకటక కొట్టుకున్నాయి. చివరికి ఏడుపు గొంతుతో, "నాకు గొలుసు యాడిది తాతా? మా అమ్మకే లేదే!" అన్నాడు.

"అదొకటి అయింది. రెండోది?"

"ఈని సెయ్యి ముట్టను. నేనూ ముట్టను, మావోళ్ళూ ముట్టరు."

చుట్టూ ఉన్న భక్తులు ఎందుకో తెలియకుండానే దండం పెట్టారు.

శేఖర్ ఎంపికయ్యాడు. రాష్ట్ర పోటీల్లో రెండో ఆటలోనే ఓడిపోయాడు. కానీ ఆ చేతే తర్వాత క్రీడాకారుల కోటాలో రైల్వే ఉద్యోగం తెచ్చిపెట్టింది. వాణ్ణి తామే తయారుచేశామని ఇప్పుడు సభల్లో చెప్పుకునేవాళ్ళు అప్పుడు ఆ రేకుల షెడ్డుకు తాళం కూడా కొనివ్వలేదు. గిరి ఆటో నడుపుతున్నాడు, మనిషి ఇప్పటికీ నోటిదురుసే. నేను ఆరోజు నుంచి టీ కొట్టులో వాదనలు గెలవడం తగ్గించుకున్నాను. పూర్తిగా మానలేదు.

కాణిపాకం నుంచి తిరుగు బస్సులో పెద్దాయన నడుముకు తుండు చుట్టుకుని, బనీనుతో, కిటికీ సీట్లో కూర్చున్నాడు. ఆయన తడిపంచె ఒక కొసను శేఖర్, ఇంకో కొసను వెనక సీటు నుంచి గిరి పట్టుకుని కిటికీ బయట ఆరబెట్టారు. "ఒరేయ్, ఇది బస్సా, దండెమా?" అని కండక్టర్ అరిచాడు. ఎవరూ వినిపించుకోలేదు. పెద్దాయన అప్పటికే గురక పెడుతున్నాడు. మామిడితోటల పక్క నుంచి బస్సు పోతుంటే, ఆ తెల్లటి పంచె గాలికి నిండుగా ఉబ్బి, పటపట కొట్టుకుంటూ, మాతో పాటే పరుగెత్తింది.