కిటికీ పక్కన స్టూలు

ఎనుమాముల మార్కెట్ యార్డు వైపు నుంచి గాలి తిరిగితే మా ఇంట్లోకి మిర్చి ఘాటు వస్తుంది. ఈ కాలంలో యార్డు నిండా మిర్చి బస్తాలే కాబట్టి రోజూ ఏదో ఒక పూట వస్తూనే ఉంటుంది. మిగతావాళ్ళకు గొంతులో కాస్త గరగర, రెండు తుమ్ములు, అంతే. నాకు మాత్రం ముందు చెంపలు మండుతాయి. మండడానికి కారణమేమీ లేదని తెలిసినా మండుతాయి. ఇవాళ పొద్దున పాపకు పాలిస్తుంటే ఆ గాలి వచ్చింది. నా కుడిచెయ్యి దానంతటది లేచి చెంపను కప్పుకుంది. "చెయ్యి దింపు బేటా" అని పక్కనుంచి ఎవరో అన్నట్టనిపించింది. మా ఇంట్లో బేటా అని పిలిచేవాళ్ళెవరూ లేరు. అలా పిలిచిన మనిషి ఇప్పుడు ఈ ఊళ్ళోనే లేదు. పాప నిద్రపోయింది కాబట్టి ఆమె గురించి రాయడానికి కూర్చున్నాను.

ఆమె పేరు నసీం. చర్మం డాక్టరు. హన్మకొండలో ఒక బట్టల దుకాణం పైన రెండు గదుల దవాఖాన. డిగ్రీ రెండో ఏడాదిలో మా అమ్మ నన్ను అక్కడికి తీసుకెళ్ళే నాటికి నా ముఖం నాది కాకుండా పోయింది. మొటిమలు ఇంటర్లోనే మొదలయ్యాయి. నా తోటివాళ్ళకు వచ్చాయి, పోయాయి. నాకు వచ్చినవి లోపల గడ్డలు కట్టి, పగిలి, గుంటలు పెట్టి, పక్కనే మళ్ళీ లేచేవి. వేడి చేసిందన్నారు, సబ్జా నీళ్ళు తాగాను. కడుపులో బాగాలేదన్నారు, వేపాకు మింగాను. శనగపిండి, పసుపు, ముల్తానీ మట్టి, ఎవరేది చెబితే అది. దుమ్ముకని అమ్మాయిలందరం ముఖానికి స్కార్ఫ్ కట్టుకునే కాలేజీకి వెళ్ళేవాళ్ళం. గేటు దాటగానే వాళ్ళు విప్పేవారు. నేను విప్పేదాన్ని కాదు.

అప్పుడు మా చిన్నమ్మ ఒక ట్యూబ్ పేరు చెప్పింది. మందుల షాపులో అడిగితే చాలు, చీటీ అక్కర్లేదు. వారం తిరక్కుండా గడ్డలు అణిగాయి. ముఖం తెల్లబడింది. ఏం రాస్తున్నావని అడగనివాళ్ళు లేరు. నేను మళ్ళీ అద్దం చూసుకోవడం మొదలుపెట్టాను. ఒక్క రోజు మానేస్తే ఎర్రబడి గడ్డలు రెట్టింపు లేచేవి, రాస్తే సద్దుమణిగేవి, అందుకని ఇంకా మందంగా రాసేదాన్ని. కొన్ని నెలలకు చర్మం ఉల్లిపొర లాగా పలచనై, కింది నరాలు సన్నటి ఎర్ర దారాల్లా కనబడసాగాయి. ఎండ తగిలితే మంట. పొయ్యి దగ్గర నిలబడితే మంట.

మా నాయిన ఎనుమాముల యార్డులో, రైతుల సరుకు కమిషన్ మీద అమ్మిపెట్టే ఒక మిర్చి అడ్తి దుకాణంలో గుమస్తా. సాయంత్రం ఆయన ఇంట్లో అడుగుపెట్టేసరికి నా ముఖం నిప్పులు కక్కేది. ఇంకేం, కారణం దొరికింది అనుకున్నాం అందరం. మిర్చి దుమ్ము. ఆ సీజనంతా నాయిన సందులోంచి చుట్టూ తిరిగి పెరట్లోకి వచ్చి, అక్కడే బట్టలు విప్పి, నల్లా కింద చన్నీళ్ళు పోసుకుని, అమ్మ గోడ మీద పెట్టిన లుంగీ కట్టుకుని లోపలికి వచ్చేవాడు. అయినా నా పక్కన కూర్చునేవాడు కాదు. తలుపు దగ్గరే తినేవాడు. "దగ్గరికి రా నాయినా" అంటే, "వద్దు బిడ్డా, ఎంత కడిగినా నా ఒంటికి ఘాటు పోతలేదు" అనేవాడు. చలికి ఆయన దగ్గుతుంటే నేను వంటింట్లో ముఖానికి ఆ ట్యూబ్ రాసుకుంటూ వినేదాన్ని.

నసీం డాక్టరమ్మ గదిలో టేబుల్ ఎదురుగా కుర్చీ ఉండేది గాని పేషెంటును అందులో కూర్చోనిచ్చేది కాదు. కిటికీ పక్కన ఒక స్టూలు. దాని మీద కూర్చోబెట్టి వెలుతురు వైపు ముఖం తిప్పేది. స్కార్ఫ్ విప్పాను, వెంటనే చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. "చెయ్యి దింపు బేటా" అంది. దించాను. మళ్ళీ లేచింది. "ఆ చెయ్యి నీదేనా, ఎవరిదన్న అడిగి తెచ్చుకున్నవా? నీ మాట ఇంటలేదు." నాకు నవ్వు రాలేదు.

అమ్మ మొదలుపెట్టింది. "మా ఆయన యార్డుల గుమస్తా మేడం. మిర్చి దుమ్ము బట్టలకు పట్టుకొని ఇంట్లకొస్తాంది. గా ఘాటుకే పిల్ల మొఖం గిట్లయింది."

"మరి మీ ఆయన మొఖం ఎట్లుంది?"

"ఆయనది మంచిగనే ఉంది."

"నీది? ఆ బట్టలు ఉతికేది నువ్వే గద?"

అమ్మ తన చెంప తడుముకుంది. ఇన్నాళ్ళలో మాలో ఒక్కరికీ తట్టని ప్రశ్న అది. డాక్టరమ్మ నా వైపు తిరిగి, ఏం రాస్తానవ్ అని అడిగింది. సంచిలోంచి ట్యూబ్ తీసి ఇచ్చాను. అద్దాలు పైకి నెట్టి, దాన్ని ముక్కు దాకా తెచ్చుకుని చదివింది. చాలాసేపు చదివింది. "ఇండ్ల స్టెరాయిడ్ ఉన్నది. ఇది మొటిమలకు మందు గాదు బేటా. నీ తోలును ఇదే తిన్నది. మిర్చిని ఎందుకు తిడ్తరు?" అని, అమ్మ చేతిలో ఆ ట్యూబ్ పెట్టి, "రేపటి నుంచి ఆయనను ముందల తలుపుకెంచి రమ్మను" అంది.

దిగేటప్పుడు మెట్ల మీద అమ్మ కూలబడి ఏడ్చింది. నా ముఖం కోసం కాదనుకుంటాను.

ఆ ట్యూబ్ మానేసిన నెలలు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. మానితే ముందు ఇంకా పెరుగుతాయని ఆమె మొదటి రోజే చెప్పింది. "కోపమొస్తది దానికి. నా మీద తిట్లు వస్తయి నీకు. తిట్టు, గని రాయకు." చెప్పిన దానికంటే ఎక్కువే పెరిగాయి. కళ్ళ కింద వాచిపోయి రెప్పలు తెరవలేకపోయిన పొద్దులున్నాయి. దిండుకు చెంప ఆనించలేక గోడకు జారగిలబడి కూర్చునేదాన్ని. కాలేజీ మానేశాను. నాయిన ముందు తలుపు నుంచే వచ్చి పక్కన కూర్చునేవాడు గాని నా వైపు చూడలేక టీవీ చూసేవాడు. ఆమె ఇచ్చినవి కొన్ని గోలీలు, ఒక సాదా క్రీము, ఎండకు రాసుకునేది ఒకటి. వెళ్ళిన ప్రతిసారీ అడిగేదాన్ని: "తగ్గినయా మేడం?" ఒకసారి విసుక్కుంది. "తగ్గినయా అని నన్ను అడగకు. నేను నిన్ను అడగ. నువ్వు కూసో, నేను చూస్త. గంతే." ఇంట్లో, బస్సులో, పెళ్ళిళ్ళలో అందరూ నన్ను అడిగే మాట అదే. అడగకుండా చూసిన మనిషి ఆమె ఒక్కతే.

ఒక రోజు ఆ స్టూలు మీద కూర్చుని ఏడ్చాను. "ఈ మొఖంతోని నేను బయటికి పోలేను మేడం."

ఆమె ఎప్పుడూ మాస్కు పెట్టుకునే ఉండేది. ఆ రోజు దాన్ని గడ్డం కిందికి లాగింది. రెండు చెంపలూ గుంటలే. వాన వెలిసిన మట్టిరోడ్డులా ఉన్నాయి. "నేను పోతాన గదా రోజు" అంది.

"డాక్టరు గదా మీరు" అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఎంత పిచ్చి మాటో.

"ఇవి వచ్చినప్పుడు కాలే గద. నీ అంత పిల్లనే." మాస్కు మళ్ళీ పైకి లాక్కుంది. "కొత్తయి రాకుంట చేస్త. గుంతలు కొన్ని పూడుతయి, కొన్ని పూడయి. అన్ని పోతయని ఎవ్వరన్న చెప్తే నమ్మకు. నేను గూడ చెప్ప."

ఆ మాట విని ధైర్యం వచ్చిందని రాయలేను. రాలేదు. ఇంటికి వెళ్ళి ఇంకా ఏడ్చాను. కాని అబద్ధం చెప్పని మనిషి ఒకరున్నారని తెలిసింది, ఆ ఒక్క కారణానికి మందులు మానలేదు.

చర్మం కాస్త కోలుకున్నాక రాత్రిపూట రాసుకునే మందు ఇచ్చింది. బఠానీ గింజంత తీసుకోమంది. ఒక్కో మొటిమకు బఠానీ గింజంత అనుకుని రాశాను, ముఖమంతా పొలుసులు లేచింది. "మొఖం మొత్తానికి ఒక్క గింజ బేటా! నువ్వు చేనంత ఏసినవ్" అని ఆమె నవ్వితే మొదటిసారి నేనూ నవ్వాను. దానికీ లొంగని గడ్డలకు చివరికి పెద్ద గోలీలు మొదలుపెట్టింది. రక్త పరీక్షలు చేయించి, అమ్మను ఎదురుగా కూర్చోబెట్టి, "ఇవి తింటున్నన్ని రోజులు కడుపు రావద్దు. ఆపినంక గూడ నెల దాక రావద్దు. వస్తే పిల్లలకు లోపం అయితది" అని చెప్పింది.

అమ్మ ముఖం ఎర్రబడింది. "అయ్యో మేడం, పిల్లకు పెండ్లే కాలే!"

"పెండ్లి అడిగిన్నా నేను? మందు గురించి చెప్తున్న. మంత్రి బిడ్డ వచ్చినా ఇదే చెప్త."

దారి పొడుగునా అమ్మ గొణుగుతూనే ఉంది. నేను ఎండిపోయి పగిలిన పెదవులతో ఆ గోలీలు మింగాను. మెల్లగా, అసలు జరుగుతోందో లేదో తెలియనంత మెల్లగా, కొత్తవి రావడం ఆగింది.

వెళ్ళిన ప్రతిసారీ ఆ స్టూలు కిటికీకి మరికాస్త దగ్గరగా జరిగి ఉండేది. చివరికొచ్చేసరికి మోకాళ్ళు గోడకు తగిలేవి. బయట కూర్చున్న పేషెంట్లు దాని గురించి గొప్పగా చెప్పుకునేవాళ్ళు. పెద్ద డాక్టరమ్మ, సూర్యుని వెలుతుర్ల తప్ప చూడదు, అని. మళ్ళీ కాలేజీకి వెళ్ళడం మొదలుపెట్టాక నేనూ అక్కడ ఇద్దరు ముగ్గురికి అలాగే చెప్పాను.

పెళ్ళి కుదిరాక శుభలేఖ పట్టుకుని, స్కార్ఫ్ లేకుండా వెళ్ళాను. ఆమె నన్ను వెలుతురులోకి తిప్పింది. గడ్డం పట్టుకుని అటు, ఇటు. ఇంకా దగ్గరికి వంగింది. మాస్కులోంచి కూడా ఆమె ఊపిరి నా చెంపకు తగిలింది. తర్వాత, ముఖం మీద వేలు పెట్టొద్దని నన్ను ఎన్నోసార్లు తిట్టిన ఆమె, తన వేళ్ళ కొసలతో నా చెంప మెల్లగా తడిమింది.

"తగ్గినయా బేటా?" అని అడిగింది.

నాకు ఒక్కసారిగా అంతా అర్థమైంది. ట్యూబ్‌ను ముక్కు దాకా తెచ్చుకుని చదవడం, గోడ దాకా జరిగిన స్టూలు. "తగ్గినయ్ మేడం, మొత్తం తగ్గినయ్" అన్నాను.

"గట్ల గాదు. నేను చూసినట్టు చూసి చెప్పు."

గోడకు అద్దం లేదు. ఫోన్ కెమెరా తెరిచి, కిటికీ వైపు ముఖం పెట్టి చూసుకుంటూ చెప్పాను. "కొత్తయి లేవు. ఎడమ చెంప మీద ఎరుపు కొంచెం ఉన్నది. గుంతలు ఉన్నయి. కుడి దిక్కు ఎక్కువ ఉన్నయి."

"ఆ. గిప్పుడు సరిగ చెప్పినవ్" అంది. శుభలేఖ తీసుకుని, చదవకుండానే సొరుగులో పెట్టింది.

తరువాత కొన్నాళ్ళకు ఆ మెట్ల దగ్గర బోర్డు తీసేశారు. చూపు పూర్తిగా పోయిందనీ, ఎక్కడో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయిందనీ బట్టల దుకాణం ఆయన చెప్పాడు. నా దగ్గరున్న నంబరు ఇప్పుడు లేదని వస్తోంది.

ఇప్పుడు మళ్ళీ మొదటికొచ్చాను. కాన్పు అయ్యాక దవడ పొడుగునా గడ్డలు లేచాయి. పాలిస్తున్నాను కాబట్టి ఆ పెద్ద గోలీలు కుదరవు. ఇప్పటి డాక్టరు తేలికపాటి మందేదో ఇచ్చి ఆగమన్నాడు. ఆగుతాను, నా ముఖానికి ఆగడం అలవాటే. నాకు నిద్ర లేకుండా చేస్తున్నది పాప ముఖం. నెల దాటకముందే రెండు చెంపల మీదా సన్నటి ఎర్రటి పొక్కులు లేచాయి. ఆ గోలీలు ఆపి ఏళ్ళు గడిచాకే కడుపు వచ్చింది. దానికీ దీనికీ సంబంధం లేదని పిల్లల డాక్టరు చెప్పింది. పసిపిల్లలకు ఇది మామూలే, ఏమీ రాయకండి, నీళ్ళతో కడగండి చాలు, అదే పోతుంది అంది. విన్నాను, తలూపాను. ఇంటికొచ్చి మళ్ళీ అదే భయం. నా ముఖమే దీనికి ఇచ్చానా? పదిహేనేళ్ళ తర్వాత ఇది కూడా గేటు దాటాక స్కార్ఫ్ విప్పదా?

పొద్దున ఆ మిర్చి గాలి తగ్గాక మా అత్తమ్మ గదిలోకి వచ్చింది. మంచి మనిషి, పాప అంటే ప్రాణం. చేతిలో ట్యూబ్ ఉంది. అదే ట్యూబ్. డబ్బా రంగు మారింది గాని పేరు అదే. ఈ ఇంట్లో చెమటకాయలకూ అదే, దురదకూ అదే.

"జర్రంత రాస్త బిడ్డా, రేపటికల్లా మాయమైతయి. పోరి మొఖం చూడబుద్ధి అయితలేదు."

"వద్దత్తమ్మా."

"ఏమైతది? మేమంత రాసుకున్నోళ్ళమే గద."

"నా మొఖం ఏమైందో చూసినవు గద అత్తమ్మా" అన్నాను. గొంతు పెద్దదయింది. ఆమె నొచ్చుకుంది. ట్యూబ్‌ను నేను తీసుకుంటుంటే వదిలేసి, "మరి అట్లనే ఉండనిస్తవా? ఎప్పుడు తగ్గుతయి?" అంది. నాకు తెలియదు. తెలియదనే చెప్పాను.

పాపను ఎత్తుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాను. డాక్టరమ్మ చూసినట్టు చూడాలి కదా. వెలుతురు వైపు ముఖం తిప్పాను. కుడి చెంప మీద కొత్తవి రెండు. నుదుటి మీద నిన్నటివే. ఎడమ వైపు ఎరుపు కొంచెం. ఎవరికి చెబుతున్నానో తెలియకుండానే పైకి చెప్పాను. ఎండ కళ్ళలో పడి పాప మొహం చిట్లించింది. పిడికిలి బిగించి, లేపి, ఆ చెంపనే గీరుకోబోయింది.

"చెయ్యి దింపు బేటా" అన్నాను.

ఆ చిన్న చెయ్యి పట్టుకుని మెల్లగా కిందికి దించాను. మళ్ళీ లేపింది.