ఆఫ్‌సైడ్ అల్లుడు

ఆ రోజు లైన్స్‌మన్లు ఇద్దరూ రాలేదు. వార్త కోసం వెళ్లిన నన్ను పట్టుకుని రిఫరీ నా చేతిలో జెండా పెట్టాడు. ఉన్నది ఒకే జెండా కాబట్టి గీత మొత్తం నాదే.

ఎనభైల మొదట్లో సంగతి. ఖమ్మం జిల్లా అడవి అంచు ఊళ్ల నుంచి ఒక దినపత్రికకు వార్తలు పంపేవాణ్ని. బొగ్గు బావుల ఊళ్లో జరిగిన ఆ ఫుట్‌బాల్ మ్యాచ్, గనుల జట్టుకు గోల్స్ కొట్టే ఒక ఫార్వర్డ్‌ను ఎంచుకోవడానికి. ఎంపికైతే బావిలో నౌకరీ కూడా వస్తుంది.

అందరి కళ్లూ దమ్మపేట వైపు నుంచి వచ్చిన ఒక యువ రైతు మీదే. అంత వేగంగా పరిగెత్తే మనిషిని నేనెప్పుడూ చూడలేదు. పెళ్లయింది, బిడ్డ పుట్టింది, వచ్చే ఏటికి నౌకరీ వయసు దాటిపోతుంది. ఇవన్నీ నాకు చెప్పింది అతని మామ. గొడుగు వేసుకుని సరిగ్గా నా వెనకే కూర్చున్నాడాయన.

ఆట మొదలైంది. బంతి కదలకముందే అల్లుడు కదిలేవాడు. బంతి అందించే క్షణానికి ఆఖరి డిఫెండర్‌ను దాటి ఉంటే ఆఫ్‌సైడ్. ఇతను ఎప్పుడు చూసినా దాటే ఉండేవాడు. నేను జెండా ఎత్తేవాణ్ని.

"పేపర్ సారూ, మా అల్లుడి మీద నీకేం పగ?"

"పగేం లేదండీ. బంతి కంటే ముందే పోతున్నాడు."

"ముందు పోవుడు తప్పెట్లయితది? ఎనకబడ్డోనికి ఇస్తరా నౌకరీ?"

జనం అప్పటికే పేరు పెట్టేశారు. "ఎక్స్‌ప్రెస్ బండిరా! బోనకల్ టేషన్ల ఆగదు!"

ఒక్కసారి మాత్రం బంతి సరిగ్గానే దొరికింది. అదే ఊపులో తన్నాడు. బంతి గోలు మీదుగా టేకు చెట్లలోకి పోయింది. అది దొరికేదాకా ఆట ఆగింది. ఎంపిక కోసం వచ్చి కుర్చీలో కూర్చున్న గనుల ఆఫీసరు ఆవులించాడు. మామ గొడుగు ముఖం మీదికి దించుకున్నాడు.

అల్లుడి జట్టులో వెనక నుంచి బంతి అందించే హాఫ్‌బ్యాక్ ఒక బావి కార్మికుడు. నలభై ఏళ్లుంటాయి, కాస్త పొట్ట, మోకాలికి పట్టీ. అతను పరిగెత్తగా నేను చూడలేదు. బంతి వచ్చేలోగానే దాన్ని ఎవరికివ్వాలో చూసుకునేవాడు. విరామంలో బత్తాయి తొన చప్పరిస్తూ అల్లుణ్ని పిలిచాడు.

"తమ్మీ, కుక్క తరిమినట్టు ఎందుకురుకుతున్నవ్?"

"ఉరుకుడు తప్ప నాకేం రాదన్నా."

"నా తల లేసేదాక కదలకు. డిఫెండర్ పక్కన నిలవడి ముచ్చట పెట్టు."

"ఏం ముచ్చట?"

"ఏదో ఒకటి. పంటెట్లున్నదని అడుగు."

సెకండాఫ్‌లో వైపులు మారాయి. నాతోపాటు మామ కూడా గొడుగు మోసుకుంటూ అవతలి కొసకు వచ్చాడు. అల్లుడు డిఫెండర్ పక్కన నిలబడ్డాడు. నిలబడటం అతనికెంత కష్టమో కాళ్లు చూస్తే తెలిసేది.

"అన్నా, మీ దిక్కు పత్తి ఎట్లున్నది?" అన్నాడు. నవ్వాపుకోలేక జెండా నోటికి అడ్డం పెట్టుకున్నాను.

ఆ డిఫెండర్‌ది ఏన్కూరు, వ్యవసాయ కుటుంబం. "ఏం పత్తి తమ్మీ, అంత పురుగే. రెండుసార్లు మందు కొడితిమి, అయినా..."

మాట సగంలో ఉండగానే హాఫ్‌బ్యాక్ తల లేచింది. బంతి లేచింది. అల్లుడు అక్కడ లేడు.

మైదానంలో సగం మంది నా చేతి వైపు చూశారు. జెండా కిందే ఉంది. గోల్ కీపర్ ఎదురొచ్చి కాళ్ల మీదికి దూకాడు. అప్పుడు అల్లుడు ఆగాడు. ఊరికే ఆగాడు, అంతే. కీపర్ అతని పక్కనుంచి జారుకుంటూ పోయాడు. దూడను కొట్టంలోకి తోలినట్టు అల్లుడు బంతిని ఖాళీ గోల్లోకి నడిపించాడు.

మామ నన్ను వాటేసుకున్నాడు. డిఫెండర్ మాత్రం అరుస్తున్నాడు. "పురుగు సంగతి చెప్పనియ్యకపోతివి గదరా!"

ఆ తర్వాత చాలా మ్యాచ్‌లు రాశాను. వేగం లేనివాడు ఆ బంతిని అందుకోలేడు, నిజమే. కానీ ఫస్టాఫ్‌లోనూ అతనికి అదే వేగం ఉంది.

ఆట అయ్యాక ఆఫీసరు అల్లుణ్ని పిలిచాడు. "బాయి మీదనా, కిందనా? యాడ వెయ్యమంటవ్?"

అల్లుడి కంటే ముందు మామ అందుకున్నాడు. "మీదనే వెయ్యండి సార్. కింద చీకట్ల ఉరికిండంటే మళ్ల దొరకడు!"

"కిందనే సార్," అన్నాడు అల్లుడు, హాఫ్‌బ్యాక్ వైపు చూస్తూ. "అన్న పనిచేసేది గాడనే గద."