ఖాళీ తొట్టెకు వాటా

మా ఇంట్లో డిగ్రీ పూర్తిచేసిన మొదటి మనిషిని నేను. ఆ గౌరవానికి తగినట్టే, ఎమ్మెస్సీ రెండో ఏడాదిలో మా పెరట్లోకి రెండు తొట్టెల బురద తెచ్చి పెట్టాను. డిపార్ట్‌మెంటు ల్యాబు మరమ్మతుల్లో ఉండడం వల్ల నాకు వేరే చోటు లేదు.

"సదువు సదువని బస్సులెక్కి తిరిగి, ఆకరికి బురద తెచ్చినావేటే?" అంది అమ్మ.

తొట్టెలు గాజువి. నరసన్నపేటలో అద్దాల షాపాయన అవి చేపలకనుకొని రంగురాళ్ళు కూడా చూపించాడు. బురద చూసుకోవడానికని చెప్పాక, "ఇంట్లో పెద్దోళ్ళకి తెలుసా అమ్మా?" అని అడిగాడు.

విషయం నిజానికి గంభీరమైనదే. మా ఉప్పుటేటి బురదకు పైపొర మాత్రమే గోధుమ రంగు. వేలు దించితే లోపలంతా కాటుక నలుపు. అక్కడికి ఆక్సిజన్ చేరదు. ఆక్సిజన్ లేకుండా బతికే సూక్ష్మజీవులు గంధకపు వాయువును వదులుతాయి. అది ఇనుముతో కలిసి బురదను నల్లబరుస్తుంది. మిగిలినది మురిగిన గుడ్ల వాసనై మన ముక్కును చేరుతుంది. ఆ బురదలోనే బొరియలు తవ్వుకొని బతికే పురుగులున్నాయి. గాలానికి ఎరగా మావాళ్ళకు అవి పాత పరిచయమే. పురుగు తన బొరియలో ఒళ్ళు అలలా ఆడిస్తూ పైనీటిని లోపలికి తోడుకుంటుంది. ఆ నీటితోపాటు ఆక్సిజన్ దిగుతుంది, బొరియ గోడ తుప్పు రంగుకు తిరుగుతుంది, గంధకపు ఘాటు తగ్గుతుంది. ఒక తొట్టెలో పురుగులు వేసి, రెండోదాంట్లో బురద మాత్రమే ఉంచి (పోలిక కోసం పెట్టే ఆ ఖాళీ తొట్టెనే కంట్రోలు అంటారు), ఆ తేడా నేను చూపించాలి. చూపించలేకపోతే ప్రాజెక్టు లేదు. ప్రాజెక్టు లేకపోతే ఎమ్మెస్సీ లేదు.

కొద్దిరోజులకు ఖాళీ తొట్టె కంపు కొట్టడం మొదలుపెట్టింది. నాకు సంతోషం కలిగింది. అమ్మకు కలగలేదు. ఆరబెట్టిన ఎండుచేపల మధ్య నిలబడి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని, "ఏటే ఈ కంపు?" అంది. ఎండుచేపల ప్రస్తావన నేను తేలేదు. చదువుకున్నదాన్ని కదా.

నీటి పరీక్షల కోసం శ్రీకాకుళం వెళ్ళి వచ్చేసరికి, ఖాళీ తొట్టెలో బురద మీద చిన్న చిన్న రంధ్రాలు కనిపించాయి. అవి పురుగుల బొరియల నోళ్ళే.

అమ్మ తమ్ముడు, మా మావ, అరుగు మీద వల బాగుచేసుకుంటున్నాడు. "నానే పంచీసినాను," అన్నాడు తల ఎత్తకుండా. "సగం దానికి, సగం దీనికి."

ఒడ్డున చేపలు కుప్పలు పోసి వాటాలు వేయడంలో మావ చేతికి పేరుంది. జ్వరమొచ్చి ఆ రోజు పడవెక్కనివాడికి కూడా కూరకు సరిపడా తీసి పక్కన పెడతాడు. అటువంటి మనిషి కళ్ళెదుట నేనొక తొట్టెను పస్తు పెట్టాను.

"అన్నీ ఒకదానికే ఎట్టి, రెండోదాని నోరు కొట్టీసినావు. కంపు కొట్టదేటి మరి?"

"అందులో ఏటీ లేకపోవడమే దాని పని, మావా!"

"ఏటీ నేకపోడం, ఏటీ సేయకపోడం పనైతే, మీ నాన్న ఎప్పుడో పొఫెసరైపోవాల."

"ఒరే బామ్మర్దీ, నా జోలికి రాకు," అన్నాడు నాన్న లోపల మంచం మీంచి.

నా ప్రాజెక్టు గైడు గారు తొట్టెలు చూడడానికి మర్నాడే వస్తున్నారు. పురుగులను వెనక్కి ఏరాలంటే బురదంతా కెలకాలి. కెలికితే చూపించడానికి పొరలే మిగలవు. అలాగే వదిలేశాను.

ఆయన వస్తూనే జేబురుమాలు ముక్కుకు పెట్టుకొని, "ఇది ఖాళీ తొట్టె వాసనేనా?" అని అడిగారు.

"కాదు సార్, ఎండునెత్తళ్ళు."

జరిగింది మర్యాదగా వివరించబోయాను. మావ అడ్డుపడ్డాడు. "మా పిల్ల తప్పు కాదు బాబూ. నానే పంచినాను. ఒకదాని కడుపు మాడిపోతంటే సూసి ఊరుకోమంటే ఎలాగండి?"

గైడు గారు నవ్వలేదు. తొట్టె పక్కన గొంతుక్కూర్చున్నారు. నల్లని బురదలో, గాజును ఆనుకొని ఒక కొత్త బొరియ దిగింది. దాని చుట్టూ సన్నని తుప్పు రంగు అంచు.

"ఈ చోటుకు పాత ఫోటో ఉందా?"

రోజూ తీశాను కాబట్టి ఉంది. అందులో అదే చోటు కటిక నలుపు.

"ఖాళీ తొట్టె పోయింది కాబట్టి నీ పోలిక చెల్లదు," అన్నారాయన. "కానీ ఒకే బురద, పురుగులు రాకముందూ వచ్చాకా ఎలా మారిందో నీ దగ్గరుంది. దాని మీద రాయి. మార్పు వట్టి కాలం వల్ల వచ్చింది కాదని చూపడానికి ఇంకొక ఖాళీ తొట్టె పెట్టు." తర్వాత మావ వైపు తిరిగారు. "దాని మీద మాత్రం ఎవరూ జాలిపడకూడదు."

కొత్త తొట్టె మీద మావ పాత వల రెండు మడతలు వేసి ముడులు బిగించాడు. "నా సెయ్యి ఊరుకోదే," అన్నాడు. అయినా దాని పక్కనుంచి నడిచినప్పుడల్లా "పాపం" అనేవాడు. అమ్మ మాత్రం మాట మార్చేసింది. ఎండుచేపలు కొనడానికి వచ్చినవాళ్ళు ముక్కు మూసుకుంటే, "కంపు కాదప్పా, కంట్రోలు. దానికే మార్కులు," అని చెప్పేది.

ప్రాజెక్టు ఆమోదమైందన్న కబురుతో ఇంటికి వచ్చిన సాయంత్రం, మావ తొట్టె దగ్గర వల ముడులు విప్పుతున్నాడు. పక్కన కొబ్బరిచిప్పలో తడి ఇసుక, అందులో గుప్పెడు పురుగులు.

"ఇప్పుడైనా దీని వాటా దీనికి ఎయ్యమంటావేటే?"

వెయ్యమన్నాను.