చూడని రవ్వలు

ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా ఆ రోజు పేజీ ఖాళీగానే వదిలేశాను. ఆ కత్తి విరగడానికి కారణం మా తాత చెయ్యి కాదు, నా నోరు.

మొన్న ఆమదాలవలసలో మా కొలిమిపాక విప్పించారు. చనిపోయిన తాత వాడిన సానచక్రాన్ని కూలీలు పాత ఇనుము బండి మీదకి ఎక్కిస్తుంటే అది గరగరమంటూ ఒక చుట్టు తిరిగింది. ఆ చప్పుడుకి నేను పక్కకి తిరిగిపోయాను.

ఎవరి పనికి తగ్గ కత్తి వాళ్ళకి చేసేవాడు తాత. దానికి తగ్గ లోహం పాత సామాను కుప్పల్లో ఏరుకొచ్చేవాడు. చేపలు కోసే అత్తలకి బేరింగు ఉక్కు, కొబ్బరి బొండాలు కొట్టేవాళ్ళకి లారీ కమాను పట్టీ, అది దెబ్బకి వంగి మళ్ళీ నిలుస్తుంది కనక. ఇనప రేకులు కత్తిరించే మిషను బ్లేడు ముక్కలు ఎంతో గట్టివి గానీ పెళుసు. దెబ్బ వేసే కత్తికి వాటిని ముట్టేవాడు కాదు. తుప్పు పట్టాక అన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి సాన మీద ఆనించి రవ్వలు చూసేవాడు. కమాను రవ్వలు పసుపుగా దూరం ఎగిరి చివర పువ్వుల్లా విచ్చుకుంటాయి. ఆ బ్లేడువి ఎర్రగా, పొట్టిగా వచ్చి ఆరిపోతాయి. కళ్ళకి శుక్లాలు కమ్మాక ఆ చూసే పని నాకు అప్పగించాడు. నలుగురిలో నోరు విప్పలేని నాకు అదెంత గర్వంగా ఉండేదో చెప్పలేను.

పదో తరగతి పరీక్షలైన వేసవిలో, స్టేషను రోడ్డులో బొండాలమ్మే మావ కత్తి చేయించుకోడానికి వచ్చి కూర్చున్నాడు. నేను ఒక చేత్తో సాన తిప్పుతూ, ఒళ్ళో లైబ్రరీ పుస్తకం చివరి పేజీల్లో ఉన్నాను.

“కలక్టరమ్మా, కూసింత మా రవ్వలు కూడా సూడవే!” అన్నాడు మావ. కొలిమి దగ్గర కూర్చున్నవాళ్ళంతా నవ్వారు. సిగ్గుతో తల ఎత్తేసరికే తాత తను ఆనించిన ఇనప ముక్కని సాన మీంచి తీసేశాడు.

“ఏటే గుంటా, కమానేనా?”

మళ్ళీ తిప్పుతానంటే మావ ఇంకా నవ్వుతాడని, “కమానే తాతా” అన్నాను.

కాల్చి కొడుతుంటే ఆ ముక్క సుత్తి కింద మొండికేసింది. తాత చెయ్యి ఆపి, “ఇది సాగట్లేదేటి? సరిగ్గా సూసావా?” అని అడిగాడు. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. “సూసాను” అన్నాను.

పది రోజులకి ఆ కత్తి బొండాం మీద విరిగి, ముక్క ఎగిరి మావ ఎడమ కంట్లో దిగింది. శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకెళ్ళినా కన్ను దక్కలేదు. తాత విరిగిన కత్తిని వేళ్ళతో తడిమి తడిమి, ఎర్రగా కాలిన కత్తిని నీళ్ళలో ముంచేటప్పుడు తనే అదను తప్పానని తేల్చుకున్నాడు. కంటికి కట్టుతో వచ్చిన మావ తిట్టనైనా తిట్టలేదు. “ముసిలోడివైపోనావు మావా, ఏటి సేస్తాం” అన్నాడంతే తాతతో. తలుపు వెనక నిలబడి అదంతా విన్నాను. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆ విరిగిన కత్తిని సాన మీద పెట్టి చూశాను. ఎర్రగా, పొట్టిగా వచ్చి ఆరిపోయాయి రవ్వలు. తాత మళ్ళీ కొలిమి వెలిగించలేదు.

ఇప్పుడు మా ఇంట్లో కత్తులు డబ్బాల్లో మెరుస్తూ వస్తున్నాయి. అవి ఏ ఉక్కుతో చేశారో మేమెవరమూ అడగం. అవి కొనడానికి ఎవరి కళ్ళనీ నమ్మక్కర్లేదు. నన్ను మాత్రం ఒకాయన నమ్మాడు. ఆ వానాకాలంలోనే తాత మంచం పట్టాడు. ఒక ఉదయం, చెప్పేయాలనే వెళ్ళి పక్కన కూర్చుని, “తాతా, ఆ రవ్వలు...” అన్నాను. మిగతాది నోట్లోంచి రాకముందే నా చెయ్యి వెతికి పట్టుకున్నాడు. ఆయన నాతో అన్న ఆఖరి మాటలు ఇవే.

“నువ్వు సరిగ్గానే సూసావే గుంటా. నా సెయ్యే తప్పినాది.”