డికాషన్ రంగు, ఇటుక రంగు

మా ఇంటికి రంగులు వేసిన మేస్త్రి గారు మొన్న ఆదివారం పోయారు. చర్చికి వెళ్ళడానికి చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ కూలబడిపోయారని పెంటపాడు నుంచి వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది.

తాడేపల్లిగూడెంలో ఆయన రంగు వేసిన ఇళ్ళు చాలానే ఉన్నాయి. నాకు మాత్రం మా నాన్న గదే గుర్తొస్తుంది. కంటి ఆపరేషన్ తర్వాత తెల్లగోడ వెలుతురు నాన్న తట్టుకోలేకపోయేవారు. ముదురు రంగు వేయిద్దామని షాపు వాళ్ళ రంగుల కార్డులో రెండు ఎంచాను. ఒకటి టీ డికాషన్ రంగు, రెండోది తడి ఇటుక రంగు.

"రెండూ ఒకలాగే ఉన్నాయి కదండీ, ఏదో ఒకటి వేసెయ్యండి" అన్నాను.

"ఒకటి కాదండీ. ఒకదాన్లో నలుపు పాలెక్కువ, రెండోదాన్లో ఎరుపు. గోడ మీద చూద్దాం" అన్నారాయన. ముందు గోడకున్న అమ్మ ఫొటో తీసి, తుడిచి, పాత పేపర్లో చుట్టి మంచం మీద పెట్టారు. తర్వాత పక్కపక్కనే రెండు పెద్ద చదరాలు వేశారు, ఎడమవైపు డికాషన్ రంగు, కుడివైపు ఇటుక రంగు.

"ఈ గదిలో ఉండేదెవరండీ?"

"మా నాన్నగారు."

"ఆయన్ని అడిగారా అండీ?"

అడగలేదు. చూపు మందగించాక ఇంట్లో ఏ సంగతీ నాన్నను అడగడం మానేశాం. ఆయనా మాట్లాడడం తగ్గించేశారు.

మేస్త్రి గారు నాన్నను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి గోడ ఎదుట కూర్చోబెట్టారు.

"నాకేం తెలుస్తుందయ్యా, మావాణ్ణి అడుగు" అన్నారు నాన్న.

"ఉండేది మీరు కదండీ బాబాయ్ గారూ. తొందరేం లేదు."

రెండు రోజులు వేరే పనికి వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి ఆగి అడిగారు. రెండోరోజు దీపాలు పెట్టే వేళకి నాన్న నోరు విప్పారు. "ఎడమవైపుది నల్లగా అయిపోయిందయ్యా. కుడివైపుది ఇంకా రంగులాగే ఉంది."

మేస్త్రి గారు వెనక్కి జరిగి చూశారు. "నేను ఎడమవైపుదే మంచిదనుకున్నానండీ. బాబాయ్ గారు చెప్పిందే కరెక్టు" అన్నారు. ముప్పై ఏళ్ళుగా రంగులు కలుపుతున్న మనిషి, ఏ మొహమాటమూ లేకుండా అన్నారు. ఆ రాత్రి భోజనం దగ్గర నాన్న చాలా రోజులకి కబుర్లు చెప్పారు.

పెంటపాడు వెళ్ళి మట్టి వేసి వచ్చి నాన్నకు చెప్పాను.

"నన్నడిగి వేశాడురా" అన్నారు.

లైటు వెయ్యబోతే వద్దన్నారు. కిటికీలోంచి వెలుతురు మెల్లగా తగ్గుతోంది. ఆ ఇటుక రంగు పూర్తిగా మసకబారేదాకా నాన్న గోడవైపే చూస్తూ కూర్చున్నారు.