రెక్కలాయన క్షేమం

సినిమా నచ్చకపోతే ఇప్పటి కుర్రాళ్లు ఫోను తీసి, బొటనవేలితో నాలుగు తిట్లు కొట్టి, ఫ్యాను కింద పడుకుంటున్నారు. వాళ్ల కోపానికి చెమట పట్టదు. మా రోజుల్లో ఒక సినిమా మీద కోపం తీర్చుకోవాలంటే ఎండలో సైకిలు తొక్కాలి, గొంతు పోగొట్టుకోవాలి, ఒక్కోసారి మీసం కూడా పోగొట్టుకోవాలి. నేను మూడూ చేశాను. అయినా కోపం తీరలేదు. ఇన్నేళ్ల తర్వాత ఇది రాస్తుంటే కూడా పెన్ను కాగితంలో దిగబడుతోంది. మీకు నవ్వొస్తే నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కాకపోతే నా లెక్క విన్నాక నవ్వండి.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త. నేను అవనిగడ్డలో రొయ్యల మేత కొట్లో పనిచేసేవాణ్ణి. పదో తరగతితో బడి మానేసినా, చెరువు గట్టు మీద నిలబడి లోపల రొయ్య ఎంతుంటుందో, దానికి మేత ఎంత కావాలో నోటితోనే కట్టి చెప్పడం సొంతంగా నేర్చుకున్నాను. (రైతులు నమ్మేవాళ్లు. రొయ్యలే అప్పుడప్పుడూ నా మాట వినేవి కావు.) అందుకే అందరూ నన్ను 'లెక్కల మాస్టారు' అనేవాళ్లు. ఆ పేరు చూసే రెక్కలాయన అభిమాన సంఘానికి నన్ను సెక్రటరీని చేశారు.

రెక్కలాయన అంటే ఇంగ్లీషు సినిమా హీరో. తెలుగులోకి మార్చి వదిలేవాళ్లు. వీపున ఇనప రెక్కలు, మొహానికి సగం ముసుగు. మొత్తం మూడు భాగాలని మొదటి రోజునే ప్రకటించారు. పరాయి దేశపు హీరోకి దివిసీమలో సంఘమేమిటని గుడివాడ వాళ్లు వెక్కిరించేవాళ్లు గానీ, మా కారణం మాకుంది. మొదటి భాగంలో తుఫానులో మునిగిపోతున్న చేపల పడవని ఆయన రెండు చేతుల మీద ఎత్తుకొచ్చి ఇసుకలో దింపుతాడు. ఆ సీనుకి మా హాల్లో ఈలలు పడలేదు. ఆడవాళ్ల వైపు నుంచి ఏడుపులు వినిపించాయి. మా పిన్ని (మా బాబాయి భార్య, అంతకుముందు సినిమా అంటే మొహం తిప్పుకునే మనిషి) ఆ ఒక్క సీను కోసం నాలుగు ఆటలు చూసింది. మా మావయ్య మాత్రం "నా పడవ పోయిన రోజున ఎక్కడ పడుకున్నాడ్రా మీ రెక్కలాయన?" అని అడిగేవాడు. అమ్మ తమ్ముడు. నాగాయలంక వైపు వేటకి వెళ్లేవాడు. పడవ పోయాక సినిమా హాల్లో పని దొరికింది. ఆ పని సంగతి కాస్తాగి చెప్తాను, కథంతా దాని మీదే నడుస్తుంది.

ఇక లెక్క. మొదటి భాగంలోనే ఇంట్లో టేబుల్ మీద కాఫీ కప్పుంటుంది. పడవ మునుగుతోందని తెలిసి రెక్కలాయన విసురుగా లేస్తే మోచెయ్యి తగిలి కప్పు జారుతుంది. ఆ కప్పు నేలకి తగిలేలోపు ఆయన సముద్రం మీదికి పోయి, పడవని గట్టున పెట్టి, తిరిగొచ్చి కప్పు పట్టుకుంటాడు. చుక్క ఒలకదు. దీన్ని బట్టి ఆయన వేగమెంతో నేను అంచనా కట్టాను. బందరు నుంచి నాగాయలంక పోయి రావడానికి ఆయనకి తుమ్మినంత సేపు చాలు. ఇంత వేగమున్న మనిషిని ఎవడూ చంపలేడు. చంపడానికి ముందు పట్టుకోవాలి కదా! ఈ మాట టీ కొట్టు దగ్గర పదిమందిలో అన్నాను. మా అక్క మొగుడు, గుడివాడ బావ, అక్కడే ఉన్నాడు. "మూడోదాంట్లో చస్తాడ్రా. చంపితేనే డబ్బులు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. "అవనిగడ్డ తెర మీద రెక్కలాయన చచ్చిపోతే ఇదే సెంటర్లో సగం మీసం గీయించుకుంటాను" అన్నాను. అవనిగడ్డ తెర అని ఎందుకన్నానంటే, నా కళ్లతో చూడంది నేను లెక్కలోకి తీసుకోను, అంతే. దాని వెనక ఇంత భాగవతం జరుగుతుందని అప్పుడు తెలీదు.

మూడో భాగం గుడివాడలో ఒక శుక్రవారం పడింది. మాకు ప్రింటు రావడానికి ఇంకో వారం. ఆ సాయంత్రమే బావ దగ్గర్నుంచి కొట్టు పక్కన ఎస్టీడీ బూత్‌కి ఫోనొచ్చింది. "ఏరా లెక్కల మాస్టారూ, కత్తెర్లు పదును పెట్టించు. పోయాడు మీవాడు." నేను నమ్మలేదు. ఎలా పోయాడన్నాను. బాంబు ఎత్తుకుని సముద్రం మీదికెళ్లాడట, వదిలి వెనక్కి రావడానికి టైము చాలక దాంతో పాటే పేలిపోయాడట. "బాంబు గడియారం ఎంత దగ్గర మొదలైంది?" అన్నాను. "వంద దగ్గర్నుంచి వెనక్కి లెక్కపెట్టింది." బూత్‌లోంచి అరిచాను. వంద! కప్పు పడేంత సేపట్లో పడవని మోసుకొచ్చిన మనిషికి వంద లెక్కపెట్టేంత సేపు చాల్లేదా? శక్తి తగ్గిందని ఏదో డైలాగు పెట్టారట. ఎంత తగ్గింది? సగమా? సగంలో సగమా? అందులో మళ్లీ సగం వేసుకున్నా బాంబు పారేసి, దారిలో టీ తాగి రావచ్చు! బూత్ నడిపే ఆవిడ "కాస్త మెల్లగా మాట్లాడండి, బయట జనం చేరారు" అంది. చేరనీ, అందరూ వినాల్సిన విషయమే.

ఆ వారమంతా సంఘం ఉడికిపోయింది. మా ప్రెసిడెంటు పడవలకి ఐసు సప్లై చేసేవాడు, ఐసు ప్రెసిడెంటు అనేవాళ్లం. మనిషి మాత్రం నిప్పు. "మన ఊళ్లో మన హీరోని చంపడానికి వాళ్లెవరయ్యా? కటౌటుకి మనం కట్టిన దండలకి విలువ లేదా?" అని రోజూ అదే మాట. చివరికి ఆయనకే ఆలోచన తట్టింది. మా హాలుకీ చల్లపల్లి హాలుకీ ఓనరు ఒక్కడే, రెండిటికీ కలిపి ప్రింటు ఒక్కటే. చల్లపల్లిలో ఆట ముందు మొదలవుతుంది. అక్కడ వేసిన రీళ్లని మోపెడ్ మీద తెచ్చి మా ఆపరేటరుకి అందిస్తుంటే మా ఆట నడుస్తుంది. అలా తెచ్చే మనిషి మా మావయ్య. చావు చివరి రీల్లో ఉంది. చివరి రీలు రాకపోతే అవనిగడ్డలో చావు లేదు! ఆపరేటరు మా సంఘం సభ్యుడే, ఒప్పుకున్నాడు. రీలు రాకుండానే ఆట ముగిసినట్టు ఉండాలి కనక, యాడ్లకి వాడే గాజు స్లైడు ఒకటి తెచ్చి, మసి పట్టించి, పుల్లతో నేనే అక్షరాలు గీశాను. 'రెక్కలాయన క్షేమం. శుభం.' చేతిరాత బాగా కుదిరింది.

శుక్రవారం మ్యాట్నీ. మొదటి రీళ్ల బాక్సుకి కొబ్బరికాయలు కొట్టాం, కటౌటుకి గుమ్మడికాయ దిష్టి తీశాం. గుడివాడ బావ దిగాడు, నా మీసం వంక చూసి జేబులోంచి దువ్వెన తీసిచ్చాడు. "చివరిసారి దువ్వుకో." అందరం లోపల కూర్చున్నాం. ప్రెసిడెంటు మాత్రం మోపిదేవి దగ్గర రోడ్డు మీద కాపు కాశాడు, మావయ్యని సోడా తాగమని ఆపి, మోపెడ్ రెండు చక్రాల్లో గాలి తీసెయ్యాలని ఏర్పాటు.

ఏర్పాటు ప్రకారమే జరిగింది. తెర మీద రెక్కలాయన బాంబు ఎత్తుకున్నాడు. రెక్కలు అంటుకున్నాయి. గడియారం వెనక్కి నడుస్తోంది. సముద్రం మీద మంటల్లో ఎగురుతూ కళ్లు మూసుకుని ఏదో అనబోయాడు, రీలు అయిపోయింది. నా స్లైడు వచ్చింది.

వెంటనే ఆడవాళ్ల వైపు నుంచి మా పిన్ని గొంతు లేచింది. "ఏవిటయ్యా క్షేమం? ఒళ్లంతా మండుతుంటే క్షేమమేవిటి? ఎవడ్రా రాసింది?" ఇంకో ఆవిడ అందుకుంది. "ఆయన్నలా గాల్లో వదిలేసి మమ్మల్ని ఇళ్లకి పోయి వండుకోమంటారా?" అంతే, హాలంతా గోలెత్తిపోయింది. బెంచీలు కొట్టారు, సోడా సీసాలు దొర్లాయి. నేను లేచి, "అమ్మా, చివర్లో బాగోదు, మీరు చూళ్లేరు" అన్నాను. పిన్ని నన్ను గుర్తుపట్టింది. "నువ్వా! ఒరేయ్, సముద్రం మీదికెళ్లిన మనిషి ఏమయ్యాడో తెలీకుండా గట్టున కూర్చోవడం అంటే ఏవిటో నీకు తెలుసా? ఉన్నాడా పోయాడా, ఏదో ఒకటి చెప్పండి ముందు!" మావయ్య పడవ పోయినప్పుడు మా ఇంట్లో ఆడవాళ్లు మూడు రోజులు రేవులో కూర్చున్నారు. ఆ ముక్క నా లెక్కలోకి రానేలేదు.

అప్పుడే మేనేజరు తలుపు తోసుకుని వచ్చాడు. "రీలు రాలేదా? ఆ మోపెడ్ మనిషి గంటలోపు రాకపోతే రేపట్నుంచి వాడు రానక్కర్లేదు. ఓనరు గారికి ఇప్పుడే ఫోన్ చేస్తున్నా." నా మీసం సంగతి అప్పటికప్పుడు మర్చిపోయాను. ఎవరిదో సైకిలు తీసి మోపిదేవి వైపు తొక్కడం మొదలుపెట్టాను.

పులిగడ్డ దగ్గర ఎదురయ్యాడు మావయ్య. నడిచొస్తున్నాడు. చేపల తట్ట మోసినట్టు రీలు డబ్బా నెత్తిన పెట్టుకున్నాడు. కింద చుట్టకుదురు కూడా ఉంది, తువ్వాలుతో చేసింది. నన్ను చూసి కూడా ఆగలేదు, నడుస్తూనే తిట్టాడు. "ఐసు వెధవ గాలి తీస్తుంటే మెడ పట్టుకున్నా, నీ పేరు కక్కాడు. మీ రెక్కలాయన చస్తే నీకు మీసం పోద్ది. ఈ డబ్బా చేరకపోతే నా ఇంట్లో పొయ్యి ఆరిపోద్ది. తెలుసా నీకీ లెక్క?" సైకిలు తిప్పాను. "ఎక్కు మావయ్యా." "ఎక్కను." "గంటలోపు చేరాలంట." ఎక్కాడు. వెనక క్యారియర్ మీద మావయ్య, ఆయన ఒళ్లో రెక్కలాయన చావు, ఎదురుగాలి, ఎండ. అప్పుడు వచ్చింది నాకు అసలు కోపం. తిండి లేని మేత కొట్టు గుమాస్తాని, తుప్పు పట్టిన సైకిలు మీద, ఇంత బరువుతో, నేను టైముకి చేరుతున్నాను. ఆ రెక్కలున్నవాడు ఎందుకు చేరలేకపోయాడు? తొక్కుతూ పైకే అరిచానట. మావయ్య వెనక నుంచి "ముందు రోడ్డు చూడు, మనం చేరదాం" అన్నాడు.

చేరాం. ఒక్కళ్లు కూడా ఇంటికి పోలేదు. మావయ్య డబ్బా దించుతూ "గాలి పోయింది సార్" అన్నాడు. మేనేజరు ఆయన నెత్తి మీది తువ్వాలు చూసి, రాబోయే మాట మింగేశాడు. పని నిలిచింది. రీలు ఎక్కింది. రెక్కలాయన అవనిగడ్డ తెర మీద, నేను తెచ్చిన రీల్లో, చచ్చిపోయాడు.

తర్వాత జరిగిన గోల చెప్పడానికి మాటలు చాలవు. అప్పటికి తిరిగొచ్చిన ప్రెసిడెంటు కటౌటు మీది దండలన్నీ లాగి పారేసి, మళ్లీ తనే ఏరి కట్టాడు. వాళ్లూ వీళ్లూ తెర వైపు తిరిగి తిట్టారు, తెర వినకపోయేసరికి ఆపరేటర్ని తిట్టారు. బయటికొస్తూ పిన్ని, ముక్కు చీదుతూ, "అంత పడవ ఎత్తినోణ్ణి ఇంత బాంబుతో చంపుతారా, తలకాయలేని సన్నాసులు" అంది. నేను అక్కడే నమస్కారం పెట్టాను. అదే, సరిగ్గా అదే నా లెక్క!

బావ కోసం చూశాను. ముందు వరసలో ఇంకా కూర్చునే ఉన్నాడు, కళ్లు ఎర్రగా. "నువ్వు ముందే చూశావుగా బావా?" అన్నాను. "మళ్లీ చూస్తే ఏమన్నా మారుద్దేమో అని వచ్చాన్రా" అన్నాడు. లేస్తూ, "మీ స్లైడు వచ్చినప్పుడు చప్పట్లు కొట్టింది నేనొక్కణ్ణే" అన్నాడు. పందెం వదిలెయ్యమన్నాడు. నేను వదల్లేదు. తెర మీద చచ్చాడా లేదా అన్నాను. చచ్చాడన్నాడు. పోయి సెంటర్లో సెలూన్లో కూర్చున్నాను. సగం గీశాక మంగలి చేతిని బావ పట్టుకున్నాడు. "రెండోది కూడా తీసెయ్యవయ్యా, చూళ్లేకపోతున్నా." నేను ఒప్పుకోలేదు. పందెం సగానికే. రెండో సగం పెరిగేదాకా (అంటే మొదటి సగం, అప్పట్లో నాకే ఏది ఏదో తికమకగా ఉండేది) మేత కొట్టుకి వచ్చిన ప్రతి రైతూ ఎవరు పోయారని అడిగాడు. అడిగిన ప్రతివాడికీ కాఫీ కప్పు దగ్గర్నుంచి మొత్తం లెక్క చెప్పాను, అంతే కోపంగా. ఒక్కడు కూడా తప్పు పట్టలేకపోయాడు.

ఇప్పుడు మీసం తెల్లబడింది. మావయ్యకి మోపెడ్ పని పోయి చాలా ఏళ్లయింది. రీళ్లే లేవు మరి. పొద్దున్న అద్దం ముందు గడ్డం గీసుకుంటూ ఒక్కోరోజు రేజరు పెదవి దగ్గర ఆపుతాను. ఒక వైపు అరచేత్తో మూసి చూసుకుంటాను. సగం మీసంతో ఒక కుర్రాడు కనిపిస్తాడు, ఇంకా అరుస్తూనే ఉంటాడు, వంద ఎలా చాలదూ అని. "చాలుతుందిరా, నీ లెక్క కరెక్టే" అంటాను. ఇంట్లోవాళ్లు ఎవరితో మాట్లాడుతున్నారని అడుగుతారు. ముఖం కడుక్కుని వచ్చేస్తాను.