జీరో పవర్ కళ్ళజోడు

ఆ రోజుల్లో మా దివిసీమలో జబ్బులు రెండే రకాలు. నలుగురికీ చెప్పుకునేవి, ఇంటి గోడలకి కూడా చెప్పుకోనివి. షుగరూ, గ్యాసూ, మోకాళ్ళ నొప్పులూ మొదటి రకం. పెళ్ళి పందిట్లో కూర్చుని, నాకింత ఉందంటే నాకంత ఉందని పోటీలు పడి మరీ చెప్పుకునేవాళ్ళు. రెండో రకం వచ్చిన మనిషి ఉన్న ఇంటి తలుపులు మాత్రం పట్టపగలే మూసుకునేవి. నాకు పదహారో ఏట వచ్చింది ఈ రెండో రకం. దాన్ని మొదటి రకంలోకి మార్చడానికి మావాళ్ళు పడిన పాట్లు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆ నవ్వు వెనకాలే కోపం వస్తుంది. రోజూ దీపం పెట్టుకునే మనిషికి ఇంత కోపం ఉండకూడదని తెలుసు. దణ్ణం పెట్టుకుంటూ ఎన్నోసార్లు ఆ కోపాన్ని స్వామికి అప్పజెప్పాను. ఆయన తీసుకోలేదు. నా దగ్గరే ఉండనిమ్మన్నట్టున్నాడు.

నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాదు. హైస్కూలు మా ఊరికి దూరం. మధ్యలో కాలవ, ఆ కాలవ మీద వంతెన పేరుతో ఒక తాటి మొద్దు. (దాని మీంచి ఒకసారి నీళ్ళలో పడ్డాను. నన్ను బయటికి తీశారు గానీ నా బడి అక్కడే మునిగిపోయింది.) అందుకని టీచరుగా చేసి రిటైరైన మా తాతయ్యే వసారాలో చాప వేసి పదో తరగతి దాకా చెప్పారు. లెక్క రాకపోతే, "పోనీలేమ్మా, రేపు మళ్ళీ చూద్దాం," అనేవారు. చదువు చెప్పేవాళ్ళందరూ అలాగే అంటారని నేను మనసారా నమ్మాను. ఇంట్లో కూర్చుని చదివి పరీక్ష రాసిన పిల్లకి అన్ని మార్కులు వచ్చేసరికి నాన్నకి ఎక్కడలేని ఆశ పుట్టింది. నన్ను డాక్టర్ని చేద్దామని గుడివాడలో ఒక ఆడపిల్లల రెసిడెన్షియల్ కాలేజీలో చేర్చారు.

ఆ కాలేజీ ప్రిన్సిపాలు గారిని మేము చాటుగా ర్యాంకుల సారు అనేవాళ్ళం. వారం వారం పరీక్ష పెట్టి, ఆ ర్యాంకుల్ని మెస్సులో మేము అన్నం కలుపుకునే వేళకి మైకులో చదివించేవారు. పప్పులో నెయ్యి వేసుకోవాలా వద్దా అన్నది ర్యాంకు విన్నాక తేల్చుకునేవాళ్ళం. ర్యాంకు తగ్గితే బెంచీ వెనక్కి జరిగేది. వెనక బెంచీకి ఫ్యాను గాలి తగలదు, లెక్చరరు గొంతు అందదు, అంచేత ర్యాంకు ఇంకా తగ్గేది. దీన్ని ఆయన 'మోటివేషన్' అనేవారు. తాతయ్య చాప మీంచి లేచి వచ్చినదాన్ని, 'రేపు మళ్ళీ చూద్దాం' అనేవాళ్ళు అక్కడ ఒక్కరూ లేరని తెలిసేసరికి నాకు నిద్ర పోయింది. పోయిందంటే మళ్ళీ రాలేదు. చదివింది నిలిచేది కాదు. పేపరు చేతిలో పెడితే వేళ్ళు చల్లబడిపోయేవి, గుండె చేసే చప్పుడు పక్కమ్మాయికి వినబడుతుందేమోనని పుస్తకం అడ్డం పెట్టుకునేదాన్ని.

వార్డెన్ మేడంకి చెప్పుకోవచ్చు కదా అంటారేమో. చెప్పుకున్నవాళ్ళ సంగతి నేను చూశాను. మా గదిలోనే నాగాయలంక పిల్ల ఒకతి ఉండేది. ఒకరోజు స్టడీ అవర్లో ఏడవడం మొదలుపెట్టి ఆపలేకపోయింది. మర్నాడు ర్యాంకుల సారు అందర్నీ వరసగా నిలబెట్టి, "ఇలాంటివాళ్ళ వల్ల వాతావరణం పాడవుతుంది. ఒకళ్ళని చూసి ఒకళ్ళు నేర్చుకుంటారు," అని చెప్పి, అదే రోజు టీసీ చేతిలో పెట్టారు. వాళ్ళ నాన్న ట్రంకు పెట్టె భుజాన పెట్టుకుని, "ఏం తప్పు చేసిందండీ మా అమ్మాయి?" అని కనబడిన ప్రతి లెక్చరర్నీ అడిగాడు. గేటు దగ్గర వాచ్‌మన్ని కూడా అడిగాడు. ఆ ప్రశ్నకి జవాబు వాళ్ళ దగ్గర ఉంటే కదా చెప్పడానికి. ఆ రోజు నుంచీ నా పని ఒకటే అయింది: నాకు నిద్ర పట్టడం లేదన్న సంగతి కాలేజీకి తెలియకూడదు. తెలిస్తే టీసీ. టీసీ అంటే నాన్న ముఖం.

కనిపెట్టింది బందరులో ఉన్న మా పెద్దమ్మ. నెలకోసారి ఇంటికి పంపినప్పుడు, మా ఊరు మరీ దూరం కనక, గుడివాడ నుంచి పాసింజరు ఎక్కి ఆవిడ దగ్గరికి వెళ్ళేదాన్ని. ఒక ఆదివారం నా ముఖం పట్టుకుని ఎండలోకి తిప్పి చూసి, "కళ్ళ కింద ఆ నలుపేమిటే? పడుకోవట్లేదా?" అంది. నేను చెప్పేశాను. పెద్దమ్మ భయపడలేదు, శోకాలు పెట్టలేదు. కొంగు బిగించి, "మనసు డాక్టరు గారు ఒకాయన ఉన్నారు, పద. ఎవరైనా అడిగితే నోరెత్తకు, నేను చూసుకుంటాను," అంది. ఇంత మంచి పెద్దమ్మనిచ్చినందుకు దేవుడికి నేను ఎన్ని కొబ్బరికాయలు కొట్టినా తక్కువే. ఆవిడ చూసుకున్న పద్ధతి మాత్రం వేరే సంగతి.

డాక్టరు గారు మేడ మీద కూర్చునేవారు. కింద కళ్ళజోళ్ళ కొట్టు. ఆయన నన్ను నిదానంగా అడిగారు, ఎన్నింటికి లేస్తావు, ఎన్నింటికి పడుకుంటావు, నవ్వి ఎన్నాళ్ళయింది అని. అంతా విని, "మందు నీకు రాస్తున్నాను గానీ తల్లీ, రాయవలసింది మీ కాలేజీకి," అన్నారు. ఇది నా తప్పు కాదనీ, తగ్గుతుందనీ, నెలనెలా వచ్చి మాట్లాడి వెళ్ళమనీ చెప్పారు. ఎన్నాళ్ళ తర్వాతో ఒక పెద్ద మనిషి నాతో ర్యాంకు ప్రసక్తి లేకుండా మాట్లాడాడు. కళ్ళ నీళ్ళతో మెట్లు దిగుతున్నాను. కింద ఎదురుగా గుడ్లవల్లేరు బాబాయి.

"ఇదేమిటి వదినా, ఇక్కడున్నారు? పిల్ల ఏడుస్తోందేం?" అన్నాడు, మేడ మీది బోర్డు కేసి చూస్తూ.

"కళ్ళు చూపిద్దామని వచ్చాం మరిదీ. నీళ్ళు కారుతున్నాయి, చూడట్లేదూ? అద్దాలు పెట్టించాలట," అంది పెద్దమ్మ, కన్నయినా ఆర్పకుండా, నన్ను కొట్లోకి నెట్టి.

బాబాయి వెళ్ళిపోతాడనుకున్నాం. ఆయన మాతోపాటు లోపలికొచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కొట్టాయన, "పవరెంతండీ?" అన్నాడు. పెద్దమ్మ కాస్త ఆలోచించి, "మీ దగ్గర ఉన్నవాటిలో తక్కువది," అంది. ఆయన ఆవిడ ముఖమూ, నా ముఖమూ, మేం దిగొచ్చిన మెట్లూ చూశాడు. బల్ల కింది నుంచి వేరే ట్రే ఒకటి తీశాడు. దాని నిండా కళ్ళజోళ్ళే, అన్నీ ఉత్త గాజువి. మేడ మీంచి దిగినవాళ్ళకని ఆయన విడిగా ఉంచే సరుకట అది. మా ముందు ఎంతమంది ఆ మెట్లు దిగి ఇలాగే దొరికిపోయారో గానీ ట్రే మాత్రం పెద్దది. ఫ్రేము బాబాయే ఎంచాడు. (నా ముఖంలో సగం అదే ఆక్రమించింది.) తన ముక్కు మీద పెట్టుకుని కూడా చూసి, "అబ్బో, పవర్ గట్టిదే వదినా. నాకు కళ్ళు తిరుగుతున్నాయి," అన్నాడు. కొట్టాయన తల వంచుకుని చాలాసేపు గుడ్డతో బల్ల తుడిచాడు.

ఆ విధంగా నా జబ్బు మొదటి రకంలోకి ప్రమోషను కొట్టింది. చుట్టాలందరూ పలకరించారు. ముసలమ్మలు మునగాకు తినమన్నారు, పిల్లలు వేళ్ళు చూపించి "ఇవెన్ని?" అని పరీక్షలు పెట్టారు. హంసలదీవి వెళ్ళినప్పుడు వేణుగోపాలస్వామి ముందు అబద్ధపు అద్దాలతో నిలబడలేక జోడు తీస్తే, పెద్దమ్మ నా మోచెయ్యి గిల్లి, "స్వామికి అన్నీ తెలుసు, ఆయనతో ఇబ్బంది లేదు. వెనకాల మీ బాబాయి వాళ్ళున్నారు, పెట్టుకో," అంది. ఇక కాలేజీలో అయితే వైభవమే. చూపు ఆనడం లేదనగానే ర్యాంకుల సారు స్వయంగా, "పాపం, అమ్మాయిని ముందు బెంచీలో కూర్చోబెట్టండి," అన్నారు. ఫిజిక్సు సారు పాఠం చెబుతూ చిమ్మే సుద్దపొడికీ తుంపర్లకీ నా అద్దాలు బాగానే అడ్డుపడ్డాయి. మందు వేసుకుంటున్నాను, కాస్త కాస్తగా నిద్ర పడుతోంది, ముందు బెంచీలో గాలి తగులుతోంది, ర్యాంకు లేస్తోంది. అందరూ అది కళ్ళజోడు మహిమే అన్నారు.

అంతా బాగుందనుకుంటుండగా ఊళ్ళో సేవాసంఘం వాళ్ళెవరో మా కాలేజీలో కంటి పరీక్షల శిబిరం పెట్టారు. కుర్ర డాక్టరు ఒకాయన నా జోడు తీసి వెలుతురుకి పట్టి చూసి, మళ్ళీ చూసి, అందరికీ వినబడేట్టు, "ఇందులో ఏమీ లేదేంటమ్మా? ఇది ఉత్త అద్దం," అన్నాడు. మర్నాడు పొద్దున్న నాన్నకి కబురు వెళ్ళింది. నాన్న పొలం పనుల్లో ఉండి పెద్దమ్మని పంపారు.

"ఏమిటమ్మా ఈ నాటకం?" అన్నారు ర్యాంకుల సారు, జోడుని బల్ల మీద పెట్టి.

"నాటకమేముందండీ, ముందు జాగ్రత్త. చూపు పోయాక పెట్టించే బదులు పోకముందే పెట్టించాం," అంది పెద్దమ్మ.

"నాతో పరాచికాలొద్దు. ముందు బెంచీ కోసం వేసిన ఎత్తా ఇది? మీ అమ్మాయికి అసలు సంగతేమిటో చెప్పండి."

పెద్దమ్మ ఇంకో అబద్ధానికి నోరు తెరిచింది. ఆ నోరు చూస్తే నాకు దుఃఖం వచ్చింది. ఎవరి ముందూ తల వంచి ఎరగని మనిషి, నా కోసం ఇన్ని అబద్ధాలు ఎందుకు ఆడాలి? నేనేం దొంగతనం చేశానని? అప్పుడు నోరు విప్పాను.

"నా కళ్ళు బాగానే ఉన్నాయండి. నాకు నిద్ర పట్టదు, చదివింది నిలవదు, గుండె దడ. బందరులో మనసు డాక్టరు గారి మందు వాడుతున్నాను. తగ్గుతోంది కూడా. ఈ మాట చెబితే పంపించేస్తారని ఆ జోడు పెట్టుకున్నాను. కళ్ళు కనబడటం లేదంటే ముందు బెంచీ ఇచ్చారు కదండీ. నిద్ర పట్టడం లేదంటే గేటు ఎందుకు చూపిస్తారు?"

ఆయన నాతో కాదు, పెద్దమ్మతో అన్నారు, "చూశారా, ఎదురు చెప్పడం కూడా మొదలైంది. ఇలాంటివాళ్ళ లక్షణాలు ఇవేనండి."

టీసీ రాసి ఇచ్చారు. తీసుకుని బయటికొచ్చి చదివితే, కాలేజీ మానడానికి కారణం అన్నచోట 'దృష్టి లోపం' అని ఉంది. వాళ్ళ కాలేజీలో చదివిన పిల్లకి మనసు బాగోలేదంటే వాళ్ళకి పేరు పోతుంది కదా. నాది నాటకమన్న మనిషే నన్ను పంపిస్తూ పంపిస్తూ నా కళ్ళజోడు ఎరువు తీసుకున్నాడు. పెద్దమ్మ ఆ కాగితం చూసి గేటు దగ్గర నిలబడి పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వులోంచే ఈ కోపం పుట్టింది, ఇన్నేళ్ళయినా దానికి వయసు మీదపడలేదు.

నాన్న ముఖానికి భయపడ్డానన్నాను కదా. ఆయన టీసీ చదివి, మడిచి జేబులో పెట్టుకుని, "ఇంటికొచ్చావు, అంతే చాలు. తాతయ్య చాప వేసే ఉంచారు," అన్నారు. అవనిగడ్డ గవర్నమెంటు కాలేజీలో చేరాను. రోజూ ఇంటి నుంచి బస్సు, నెలనెలా బందరు మేడ మెట్లు. డాక్టర్ని కాలేదు, నిద్రపోగల మనిషినయ్యాను. నేను సంగతంతా చెబితే తాతయ్య తనకి తెలిసిన టీచరు ద్వారా నాగాయలంక పిల్ల ఇల్లు కనుక్కుని నాన్నని వెంట పెట్టుకుని వెళ్ళారు. ఆ తర్వాత ఆదివారం ఆ పిల్లా వాళ్ళ నాన్నా పెద్దమ్మ గుమ్మంలో నిలబడ్డారు. "మా అమ్మాయికి కూడా కళ్ళు చూపించాలండీ," అన్నాడాయన, తల వంచుకుని. పెద్దమ్మ, "కళ్ళకేం, లక్షణంగా ఉన్నాయి. నిద్ర కోసం వెళ్తున్నాం మనం. తలెత్తుకుని నడవండి," అని వీధంతా వినబడేట్టు చెప్పి తీసుకెళ్ళింది. ఆ పిల్ల కొట్టు ముందు ఆగకుండా తిన్నగా మెట్లెక్కింది.

మొన్న మా అమ్మాయి స్కూల్లో తల్లిదండ్రుల మీటింగు పెట్టి, పిల్లల కోసం కౌన్సెలరు వచ్చారు, ఎవరైనా వెళ్ళి మాట్లాడవచ్చు అని చెప్పారు. నా మనసుకి ఎంత హాయి కలిగిందో. అంతలో నా వెనక కూర్చున్న తల్లి ఒకావిడ మెల్లగా, "ఆ గదికి వెనకవైపు దారేమైనా ఉందా అండీ?" అంది. ఆవిడ మీద కోపం రాలేదు. మీటింగు అయ్యాక చెయ్యి పట్టుకుని ముందు తలుపులోంచే తీసుకెళ్ళాను.

ఈ మధ్య అక్షరాలు అలుక్కుపోతుంటే బందరు వెళ్ళి అదే కొట్టు మెట్టెక్కాను. పాతాయన కొడుకు ఉన్నాడు. పరీక్ష చేసి జోడు పెట్టి అద్దం చూపించాడు. అందులో, సగం ముఖం ఫ్రేములో దాచుకున్న రెండు జడల పిల్ల ఒక్క క్షణం కనబడి, నన్ను చూసి నవ్వింది.

"జోడు పెట్టుకోవడం ఇదే మొదటిసారా అండీ?" అన్నాడు ఆ అబ్బాయి.

"రెండోసారి బాబూ," అన్నాను. "మొదటిసారి నాకు చూపు బాగానే ఉండేది."